నాయన కోసం తిరిగిన అందరికీ దండాలు

మాది దేవరకొండ దగ్గర పల్లె. ఏడాదిన్నర కింద నాయనకు ప్రొస్టేట్ ఆపరేషన్ అయింది. అది బాగానే అయింది కానీ మూడు నెలలు తిరక్కముందే మూత్రం దారంలా సన్నగా రావడం మొదలైంది. రాత్రి ఐదారుసార్లు లేచి, గోడకు చెయ్యి ఆనించి పావుగంట నిలబడేవాడు, ఎవరికీ చెప్పలేదు, అమ్మ చూసి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. పరీక్ష చేస్తే లోపలి పుండు మానుతూ గట్టిపడి మూత్రనాళం ఇరుకైందన్నారు, స్ట్రిక్చర్ అంటారట. లోపల కోసి వెడల్పు చేశారు. నాలుగు నెలలకు మళ్లీ మామూలే. ఇంకో ఆపరేషన్ అనేసరికి నాయన అన్నం ముట్టలేదు.

అప్పుడు మా ఊరి బడిలో పనిచేసి రిటైరైన సారు ఇంటికొచ్చి, తనకూ ఇదే బాధ వచ్చిందని, ఆయుర్వేదంలో ఉత్తరబస్తి (మూత్రమార్గంలోకి మందు నూనె ఎక్కించే చికిత్స) చేయించుకున్నానని నాయన పక్కన కూర్చుని చెప్పారు. మగవాళ్లు ఈ జబ్బు గురించి నోరు విప్పరు. సార్, మీరు విప్పబట్టే మా నాయన కదిలాడు.

హైదరాబాద్‌లో ఆయుర్వేద డాక్టరమ్మ వెంటనే మందు ఇవ్వలేదు. ఎక్స్‌రే చూసి, మూత్రం వేగం కొలిపించి (సెకనుకు 6 మిల్లీలీటర్లే వచ్చింది, 15 దాటాలట), ఇన్ఫెక్షన్ ఉంటే అది పోయాకే చేస్తానన్నారు. "పూర్తిగా పోతుందని మాట ఇవ్వను, తగ్గకపోతే యూరాలజీ డాక్టర్ దగ్గరికే పంపిస్తా" అన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. పొత్తికడుపు మీద కాపడం పెట్టి, శుద్ధి చేసిన గోరువెచ్చని తైలాన్ని సన్నని గొట్టంతో మూత్రమార్గంలోకి మెల్లగా ఎక్కించేవారు, ఏడు రోజులు చేసి కొన్నాళ్లు ఆపి మళ్లీ, అలా మూడు విడతలు. తాగడానికి పల్లేరు, గలిజేరు కషాయం ఇచ్చారు. చేలో కాళ్లకు గుచ్చుకునే పల్లేరుకాయ మందని తెలిసి నాయన ఎంత ఆశ్చర్యపోయాడో! మొదటి రోజు సిగ్గుతో, భయంతో వణికిపోతుంటే అక్కడి కాంపౌండర్ తమ్ముడు "పెద్దయ్యా, నేను నీ కొడుకునే అనుకో" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ తమ్ముడిని మా ఇంట్లో ఎవరం మరిచిపోం.

మొన్న మూత్రం వేగం కొలిస్తే 13 వచ్చింది. రాత్రి ఒక్కసారే లేస్తున్నాడు. మూడు నెలలకోసారి పరీక్ష మాత్రం తప్పదన్నారు, ఎందుకంటే ఇది మళ్లీ మూసుకునే జబ్బు. ఇది చదివి ఎవరూ ఇంట్లో సొంతంగా నూనెలతో ప్రయత్నం చేయకండి, దండం పెట్టి చెబుతున్నా. మూత్రం పూర్తిగా ఆగిపోతే కషాయాల కోసం చూడొద్దు, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పొండి.

తెల్లవారుజామున నాలుగింటికి బస్టాండుకు దింపి డబ్బులు తీసుకోని ఆటో అన్నకు, మా రిపోర్టులు చూసి కోప్పడకుండా "చేయించుకోండి, నాకు చూపిస్తూ ఉండండి" అన్న యూరాలజీ డాక్టర్ గారికి, అందరికీ దండాలు. సార్, మా తోటలో బత్తాయిలు దిగాయి, ఆదివారం నాయన సంచి పట్టుకుని తనే నడిచి మీ ఇంటికొస్తానంటున్నాడు, ఇంట్లోనే ఉండండి.