ఐరన్ చూడకుండా ఈపీఓ పెంచితే

సంపాదకులకు,

కిడ్నీ రోగులకు రక్తహీనత తగ్గడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ (ఈపీఓ) అనే ప్రోటీన్ మందును ఆరోగ్య పేజీల్లో తరచూ 'రక్తం పట్టే ఇంజెక్షన్' అని రాస్తుంటారు. ఎవరికైనా ఇట్టే అర్థమయ్యే మాట. చిక్కంతా అక్కడే వస్తోంది. రక్తం పట్టలేదంటే డోసు చాల్లేదనుకుంటారు. పెంచమని ఇంట్లోవాళ్లు అడుగుతారు, కొన్నిచోట్ల అలాగే పెంచేస్తారు కూడా. నిజానికి ఈ ప్రోటీన్ రక్తాన్ని తయారు చేయదు.

ఎముక మూలుగలో ఎర్రకణాలుగా మారాల్సిన కణాలు ఎప్పుడూ అవసరానికి మించే పుడుతుంటాయి. ఒక దశకు వచ్చాక వాటికి ఈపీఓ అందకపోతే తమను తామే చంపుకుంటాయి. దీన్నే అపోప్టోసిస్ అంటారు. ఈపీఓ వచ్చి కణం మీద దాన్ని అందుకునే రిసెప్టర్‌కు అతుక్కుంటే జాక్-2, స్టాట్-5 అనే ప్రోటీన్ల ద్వారా లోపలికి కబురు వెళ్తుంది, బీసీఎల్-ఎక్స్ఎల్ అనే రక్షక ప్రోటీన్ పెరుగుతుంది, ఆ చావు ఆగుతుంది. ఈపీఓ ఆ చావును ఆపుతుందని కౌరీ, బాండ్యూరంట్ అనే పరిశోధకులు 1990లో చూపించారు. అమెరికాలో మందుకు అనుమతి వచ్చింది మాత్రం 1989లో. పని చేస్తుందని ముందు తెలిసింది, ఎలా చేస్తుందో తర్వాత తేలింది!

అంతకుముందు 1977లో దీన్ని శుద్ధి చేయడానికి ఎప్లాస్టిక్ ఎనీమియా (మూలుగలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) రోగుల మూత్రం 2,550 లీటర్లు పోగుచేయాల్సి వచ్చింది. ఇప్పుడు మనిషి జన్యువును చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లో పెట్టి తీస్తున్నారు. చౌకగా బ్యాక్టీరియాలో ఎందుకు చేయరంటే, 165 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్ బరువులో దాదాపు 40 శాతం చక్కెర గొలుసులే. బ్యాక్టీరియా వాటిని అతికించలేదు. గొలుసుల చివర సియాలిక్ ఆమ్లం లేకపోతే కాలేయం ఆ ప్రోటీన్‌ను రక్తంలోంచి చప్పున లాగేస్తుంది.

అసలు విషయానికి వస్తే, చావు తప్పించుకున్న కణం హిమోగ్లోబిన్ నింపుకోవాలి. అందుకు ఐరన్ కావాలి. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో ఉండే ఐరన్ 3.4 మిల్లీగ్రాములు. 5 లీటర్ల రక్తం ఉన్న మనిషికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు ఒక గ్రాము పెరగాలంటే 50 గ్రాములు కొత్తగా తయారవ్వాలి, అంటే 170 మిల్లీగ్రాముల ఐరన్. 8 నుంచి 10.5కు చేరాలంటే 425. హీమోడయాలిసిస్‌లో గొట్టాల్లో, ఫిల్టర్‌లో మిగిలిపోయే రక్తం వల్ల పోయే ఐరన్ దీనికి అదనం. కిడ్నీ జబ్బులో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి పేగు ఐరన్‌ను సరిగా పీల్చుకోనివ్వదు కాబట్టి మాత్రలు చాలామందికి సరిపోవు, నరం ద్వారా ఎక్కించాల్సి వస్తుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే పరీక్ష) మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల కన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చెప్పే పరీక్ష) 20 శాతం కన్నా తక్కువగా ఉన్నప్పుడు ఈపీఓ డోసు పెంచడమంటే వంటవాళ్లను పెంచి బియ్యం ఇవ్వకపోవడమే. ఫెరిటిన్ ఎక్కువగా ఉందని ధీమా పడనూ కూడదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. అలాంటప్పుడు శాచురేషన్‌ను కలిపి చదవాలి.

ఐరన్ సరిపడా ఉండీ స్పందన లేకపోతే వెతకాల్సినవి: డయాలిసిస్ కాథెటర్ దగ్గర దాగిన ఇన్‌ఫెక్షన్, కడుపులో రక్తస్రావం, పారాథైరాయిడ్ హార్మోన్ బాగా పెరగడం, బి12, ఫోలేట్ లోపాలు, చాలినంత డయాలిసిస్ జరగకపోవడం.

కిడ్నీ జబ్బున్న పెద్దలకు సాధారణంగా హిమోగ్లోబిన్ 10 లోపు ఉన్నప్పుడు, కిలోకు 50 నుంచి 100 యూనిట్ల చొప్పున వారానికి మూడుసార్లు మొదలుపెడతారు. 10 రోజుల్లో రెటిక్యులోసైట్లు (అప్పుడే తయారైన లేత ఎర్రకణాలు) పెరుగుతాయి, హిమోగ్లోబిన్ కదలడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. వారం తిరక్కుండానే 'మందు పనిచేయలేదు' అనడం తొందరపాటు. 4 వారాల్లో ఒక గ్రాము కూడా పెరగకపోతే 25 శాతం పెంచుతారు, అదీ నాలుగు వారాలకు ఒకసారికి మించి కాదు. రెండు వారాల్లో గ్రాముకు మించి పెరిగితే 25 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గిస్తారు. 12 వారాలపాటు పెంచుతూ పోయినా స్పందన లేకపోతే ఇంకా పెంచి లాభం లేదు.

కొలతలో జరిగే పొరపాటు గురించి ఎవరూ రాయరు కాబట్టి చెబుతున్నాం. 60 కిలోల మనిషికి కిలోకు 50 చొప్పున 3,000 యూనిట్లు. మిల్లీలీటరుకు 4,000 యూనిట్ల వయల్ (మందు సీసా) అయితే 0.75 మిల్లీలీటర్లు, 10,000 యూనిట్లదైతే 0.3 మాత్రమే. వయల్ మారినప్పుడు పాత గీత వరకే లాగితే డోసు రెండున్నర రెట్లవుతుంది. ఇన్సులిన్ సిరంజి మీది 'యూనిట్లు' ఇన్సులిన్‌వి, వాటికి ఈపీఓ యూనిట్లతో సంబంధమే లేదు.

నిల్వ 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా. గడ్డకట్టిన వయల్ కరిగినా వాడకూడదు. ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడకు ఆనించొద్దు, తీసుకెళ్లేటప్పుడు ఐస్ ప్యాక్‌కు నేరుగా తగలనివ్వొద్దు. కుదపడం మరీ చెడ్డ అలవాటు. నురగ వచ్చిందంటే గాలి బుడగల అంచున ప్రోటీన్ మడతలు విప్పుకుని ముద్దలు కడుతున్నట్టే. అలాంటి ముద్దల మీద శరీరం యాంటీబాడీలు తయారు చేసే ప్రమాదం ఉంది. ఆ యాంటీబాడీలు మందునే కాదు, రోగి ఒంట్లో సొంతంగా తయారయ్యే కాస్త ఈపీఓనూ పనిచేయనివ్వవు. చాలా అరుదుగా వచ్చే ఈ పరిస్థితిలో హిమోగ్లోబిన్ వారానికి దాదాపు గ్రాము చొప్పున పడిపోతుంది, రెటిక్యులోసైట్లు మైక్రోలీటరుకు 10,000 కన్నా తగ్గుతాయి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మాత్రం మామూలుగానే ఉంటాయి. అప్పుడు బ్రాండు మార్చి ప్రయోజనం లేదు, ఈపీఓ పూర్తిగా ఆపాలి.

హిమోగ్లోబిన్‌ను ఆరోగ్యవంతుల స్థాయికి తెస్తే ఇంకా మేలనే ఆశను ట్రయల్సే తుంచేశాయి. 2006లో కిడ్నీ రోగులపై చేసిన చాయిర్ ట్రయల్‌లో 13.5 లక్ష్యంగా పెట్టుకున్నవారికి 11.3 వారికన్నా గుండె ప్రమాదాలు, మరణాలు కలిపి ఎక్కువయ్యాయి. 2009లో ట్రీట్ ట్రయల్‌లో డార్బెపొయిటిన్ (ఈపీఓ తరహా మందే) తీసుకున్నవారిలో 5 శాతం మందికి పక్షవాతం వచ్చింది, తీసుకోనివారిలో 2.6 శాతం. అందుకే డయాలిసిస్ రోగుల్లో 11 దగ్గరికి రాగానే డోసు తగ్గించడమో కొన్నాళ్లు ఆపడమో చేస్తారు. బీపీ అదుపులో లేకపోతే అసలు మొదలుపెట్టకూడదు.

'కణాల చావును ఆపుతుంది' అన్న మాట పట్టుకుని మెదడుకూ ఇదే మంచిదని రాసేవారికి ఒక మాట. జంతు ప్రయోగాలు ఆశ పుట్టించిన మాట నిజమే. మనుషుల్లో 2009లో 522 మంది పక్షవాతం రోగులపై జర్మనీలో చేసిన ట్రయల్‌లో మేలు కనిపించలేదు సరికదా, ఈపీఓ ఇచ్చినవారిలో 16.4 శాతం, ఇవ్వనివారిలో 9 శాతం చనిపోయారు. బాగా నెలలు తక్కువ పుట్టిన 941 మంది శిశువులపై 2020లో వెలువడిన ఫలితాల్లోనూ, పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న శిశువులపై 2022లో వచ్చిన ఫలితాల్లోనూ ప్రయోజనం తేలలేదు.

'రక్తం పట్టే ఇంజెక్షన్' అన్న మాటను వదలడం కష్టమైతే వదలకండి. మీ ప్రశ్న-జవాబు శీర్షికలో ఈపీఓ గురించి ఎవరైనా అడిగినప్పుడు మాత్రం ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, బీపీ ఎంతున్నాయో తిరిగి అడిగి, అవి తెలిశాకే జవాబు వేయండి.

ఇట్లు,
కిడ్నీ చికిత్సలో పనిచేసే కొందరు వైద్యులు, ఫార్మసిస్టులు