2024–25 వార్షిక నివేదిక: పిటిషన్లు తగ్గించాం, పాఠాలు పెంచాం

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని బైలాలో ఉంది కాబట్టి రాస్తున్నాను. అంతకంటే ముఖ్యంగా, ఈ ఏడాది ఎండనకా వాననకా తిరిగినవాళ్ళు తిరిగారని ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ పేర్లు రాయడం లేదు, కారణం మీకు తెలుసు. వాళ్ళవి రాయనప్పుడు మిగతావాళ్ళవి మాత్రం రాయడం బాగోదని అసలెవరి పేరూ పెట్టలేదు, ఎవరికి వాళ్ళు గుర్తుపట్టుకోండి.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్ళీ చెప్పను. పోయిన సమావేశంలో మనం చేసిన తీర్మానం మాత్రం గుర్తుచేస్తాను. పోలవరం ముంపు కుటుంబాల తరఫున, ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయ ఆదివాసుల తరఫున ఏళ్ళుగా పిటిషన్లు ఇస్తున్నాం. కింది స్థాయిలో ఎక్కడికి వెళ్ళినా ఒకటే జవాబు: "అలాంటి రూల్ లేదండి." రూల్ ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి అది ఎవరూ చెప్పలేదు, అంతే. పంచాయతీ కార్యదర్శికి పన్నుల వసూలు మీద ట్రైనింగ్ ఇస్తారు, ఏ యాప్‌లో ఏ ఫొటో ఎక్కించాలో ట్రైనింగ్ ఇస్తారు. ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడితే ఏ చట్టం చూడాలో ఒక్క గంట కూడా చెప్పరు. అందుకని పిటిషన్లు తగ్గించి, మనమే పాఠం తయారుచేసి కింది స్థాయి ఉద్యోగులకు చెప్దామని తీర్మానించాం. "ప్రభుత్వం చేయాల్సిన పని మనకెందుకు?" అని అప్పుడు గట్టిగా అడిగిన సభ్యులు ఈ ఏడాది ఒక్క సెషన్‌కైనా వచ్చి ఉంటే జవాబు అక్కడే దొరికేది.

పాఠం తయారీ

మన లీగల్ కమిటీ మేడం మొదటి డ్రాఫ్ట్ బ్రహ్మాండంగా రాశారు. 1859 సోల్ఫెరినో యుద్ధం, గాయపడి పడి ఉన్న సైనికుల్ని చూసి కదిలిపోయిన హెన్రీ డ్యూనాంట్, 1863లో రెడ్‌క్రాస్ పుట్టుక, 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలు, వాటి కోసం మన పార్లమెంటు 1960లో చేసిన చట్టం, అన్నీ వరసగా ఉన్నాయి. చదవడానికి బాగుంది. ట్రయల్‌కి కొందరు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్లను, అంగన్‌వాడీ టీచర్లను కూర్చోబెడితే మాత్రం సోల్ఫెరినో దాటేలోపే సగం మంది ఫోన్లు తీశారు. ఒకాయన సూటిగానే అడిగాడు: "ఇక్కడ యుద్ధం ఎక్కడుంది మేడం, జెనీవాతో మాకేం పని?"

ఆ ప్రశ్న మంచిదే. మన అడవుల్లో మావోయిస్టులకూ పోలీసులకూ మధ్య జరిగేదాన్ని ప్రభుత్వం శాంతిభద్రతల సమస్యగానే చూస్తుంది, సాయుధ సంఘర్షణ అని ఒప్పుకోదు. ఆ వాదనలోకి దిగితే రెండు రోజులూ దానికే సరిపోతాయి. కాబట్టి మేడం పాఠాన్ని తిరగేశారు. మొదట మీ టేబుల్ ముందు నిలబడ్డ మనిషి, తర్వాత ఆ మనిషికి వర్తించే మన చట్టం, ఆ తర్వాతే ప్రపంచం ఏమంటోందో.

టేబుల్ ముందుకి నలుగురొస్తారు. మొదటి మనిషిది వేలేరుపాడు మండలం, ఇల్లు పోలవరం మొదటి దశ ముంపు గీత అయిన 41.15 మీటర్ల కాంటూరు లోపలే ఉంది, ప్యాకేజీ సగం వచ్చింది, ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీలో ఇల్లు చూపించారు కానీ భూమికి భూమి రాలేదు. రెండో ఆమెది అదే మండలం, ఇల్లు ఆ గీతకు పైన, ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లకు కింద. లిస్టులో పేరు లేదు, వరదొస్తే మాత్రం ఇంట్లో నీళ్ళు ఉంటాయి. మూడో కుటుంబం 2006లో ఇప్పటి సుక్మా జిల్లా నుంచి సల్వాజుడుం (మావోయిస్టుల మీదికి ఊరివాళ్ళకే ఆయుధాలిచ్చి దింపిన దళం) గొడవల్లో పారిపోయి వచ్చింది, అడవిలో గుడిసె, చేతిలో ఏ కాగితమూ లేదు. నాలుగోది ఆ కుటుంబంలో ఇక్కడే పుట్టిన ఎనిమిదేళ్ళ పిల్ల, కోయ తప్ప ఇంకో భాష రాదు.

మొదటి ఇద్దరికీ 2013 భూసేకరణ చట్టం. సాగునీటి ప్రాజెక్టు అయితే ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 38వ సెక్షన్ అంటుంది. కాలనీలో ఏమేం ఉండాలో మూడో షెడ్యూల్‌లో రోడ్డు, తాగునీరు, బడి దగ్గర్నుంచి శ్మశానం దాకా ఒక్కొక్కటిగా రాసి ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతం నుంచి కదిలే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు అదనంగా 50 వేలు రావాలి. ఇవి ఫైళ్ళు కదిలించే ఉద్యోగులకు తెలిసే ఉంటాయని మనం అనుకుంటాం. తెలిసిందల్లా ఎక్సెల్ షీటులోని కాలమ్ నంబరు. ఆ షెడ్యూళ్ళను తెలుగులో విడిగా చదివినవాళ్ళు చేతులెత్తమని డిసెంబరు శిబిరంలో అడిగితే హాల్లో లేచినవి చాలా తక్కువ.

మూడో కుటుంబం దగ్గరే అసలు చిక్కు. వాళ్ళు దేశం సరిహద్దు దాటలేదు, రాష్ట్రం సరిహద్దే దాటారు. అంటే శరణార్థులు కారు, ఈ దేశ పౌరులు. ఇలాంటివాళ్ళ కోసమే ఐక్యరాజ్యసమితి 1998లో 30 మార్గదర్శక సూత్రాలు తెచ్చింది, వాటి రూపకల్పనకు నాయకత్వం వహించింది సూడాన్ దౌత్యవేత్త ఫ్రాన్సిస్ డెంగ్. వాటికి చట్టబలం లేదు, ఆ సంగతి పాఠంలో మొదటే చెప్పేశాం, దాచిపెడితే తర్వాత మనల్నే నిలదీస్తారు. కానీ 20వ సూత్రం చూడండి: నిర్వాసితులకు కావాల్సిన పత్రాలు అధికారులు ఇవ్వాలి, వాటి కోసం వదిలేసి వచ్చిన ఊరికి మళ్ళీ వెళ్ళి రమ్మనడంలాంటి అసమంజసమైన షరతులు పెట్టకూడదు. మన దగ్గర జరిగేది అచ్చంగా అదే! "మీ ఊళ్ళో తెచ్చుకో పో." ప్రాణభయంతో వచ్చినవాళ్ళని అదే ఊరికి సర్టిఫికెట్ కోసం పొమ్మంటారు.

ఈ అడవి గుడిసెల గురించి బీట్ ఆఫీసర్లతో మాట్లాడటం అంత సులువు కాదు, వాళ్ళ బాధ వాళ్ళది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో రేంజ్ అధికారి హత్య జరిగాక అడవిలోకి ఒంటరిగా వెళ్ళడానికే భయపడుతున్నారు, అందుకు వాళ్ళని తప్పుపట్టలేం. అటవీ హక్కుల చట్టంలో గడువు 2005 డిసెంబరు 13, ఆ తర్వాత వచ్చి కొట్టుకున్న పోడుకు పట్టా రాదు, నిజమే. కానీ పట్టా రాకపోవడం వేరు, నోటీసైనా లేకుండా వానాకాలంలో గుడిసె పీకడం వేరు. ఈ రెండో మాట దగ్గర హాల్లో వాదన పెద్దదే అయింది. నాకు తెలిసి ఆ రోజు జరిగిన పనికొచ్చే చర్చ అదే.

నాలుగో మనిషిది తేలిక. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లనీ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలి. ఈ రెండు సెక్షన్లూ ఒక చిన్న కార్డు మీద అచ్చువేసి పంచాం, ఏడాది మొత్తంలో ఎక్కువ మంది అడిగి తీసుకెళ్ళింది ఆ కార్డే.

డిసెంబరు శిక్షణ శిబిరం

దీని గురించి కాస్త గర్వంగానే రాస్తాను, ఓర్చుకోండి. భద్రాచలంలో రెండు రోజుల శిబిరం పెట్టాం. ఇటు తెలంగాణ వైపు మండలాల నుంచి, అటు 2014లో ఆంధ్రకు వెళ్ళిన కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వీఆర్ పురం వైపు నుంచి రెవెన్యూ, పంచాయతీ, అటవీ, పోలీసు, విద్య, వైద్య సిబ్బంది ఒకే హాల్లో కూర్చున్నారు. గోదావరి వరదొస్తే ఒకే నీళ్ళలో మునిగే ఊళ్ళు, కానీ ఈ రెండు వైపుల ఉద్యోగులూ ఒకరి ఫోన్ నంబరు ఒకరు ఎక్కించుకున్నది ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గరే.

మొదటి రోజు సాయంత్రం కుర్చీలు మార్చాం. ఉద్యోగులు నిర్వాసితులయ్యారు, మన కాలనీ మహిళా సభ్యులు కౌంటర్లో కూర్చున్నారు. కౌంటర్ వాళ్ళు కోయలో తప్ప మాట్లాడకూడదు, ఫారం కూడా కోయ మాటల్లోనే. మనవాళ్ళు ఏమాత్రం కనికరించలేదు. ఒక సీనియర్ అసిస్టెంట్‌ని మూడు కౌంటర్ల చుట్టూ తిప్పి, చివరికి జిరాక్స్ లేదని వెనక్కి పంపారు. మొదట్లో అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు, మూడో కౌంటర్ దగ్గరకు వచ్చేసరికి ఆయన మొహంలో నిజంగానే కోపం వచ్చేసింది. "ఇంతకీ నాకు ఏం కాగితం కావాలో ఎవరైనా చెప్తారా?" అని అరిచాడు. కౌంటర్లో ఉన్నావిడ ఆ అరుపుకు కూడా కోయలోనే జవాబు చెప్పింది.

రెండో రోజు పోలీసు సిబ్బందికి, దేశం లోపలి సాయుధ సంఘర్షణల గురించి నాలుగు జెనీవా ఒప్పందాల్లోనూ ఉన్న ఉమ్మడి 3వ ఆర్టికల్ చెప్పాం. ఆయుధం పట్టనివాళ్ళనీ, వదిలేసినవాళ్ళనీ, గాయపడ్డవాళ్ళనీ చంపకూడదు, హింసించకూడదు, బందీలుగా పట్టకూడదు, అవమానించకూడదు, సరైన కోర్టు విచారణ లేకుండా శిక్షించకూడదు. ఇది ప్రభుత్వానికీ వర్తిస్తుంది, ఎదుటి పక్షానికీ వర్తిస్తుంది, ఇన్‌ఫార్మర్ అని పేరు పెట్టి ఊరివాళ్ళని చంపడం కూడా ఇందులో నేరమే. ఒక ఎస్సై లేచి "ఇందులో చాలావరకు అరెస్టు, కస్టడీ మీద సుప్రీంకోర్టు ఇచ్చిన డీకే బసు తీర్పులోనూ, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ ఆర్టికల్‌లోనూ ఉన్నదే కదా" అన్నాడు. ఆ మాట మనం చెప్పి వాళ్ళు వినడం కన్నా వాళ్ళ నోటి నుంచే రావడం నయం. అలా ఆయుధాలిచ్చి దింపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న సల్వాజుడుం మీద ఇచ్చిన తీర్పు దగ్గరికి వచ్చేసరికి హాల్ నిశ్శబ్దం అయిపోయింది, కొందరు నోట్సు రాసుకున్నారు, కొందరు కిటికీలోంచి బయటికి చూశారు.

హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాల గురించి కూడా ప్రశ్న వచ్చింది. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు, శరణార్థులకంటూ విడిగా చట్టమూ లేదు. అయినా 21వ ఆర్టికల్ పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని 1996లో అరుణాచల్‌ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి ఒక పేజీ చాలు, ఒక పేజీయే పెట్టాం.

ఇక బాధలు. ప్రారంభానికి ఒప్పుకున్న పెద్దాయన రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, జ్యోతి వెలిగించి, ఫొటో దిగి, "చాలా మంచి కార్యక్రమం" అని మైకులో చెప్పి, ఒక్క పేజీ తిరగేయకుండా వెళ్ళిపోయారు. ఆయన వచ్చేదాకా ట్రైనింగ్ మొదలుపెట్టొద్దన్నారు కాబట్టి మొదటి సెషన్ కాస్తా గోవిందా. ఒక శాఖ నుంచి పంపిన లిస్టులో ఉన్న పేర్లు వేరు, వచ్చిన మనుషులు వేరు, వచ్చినవాళ్ళలో కొందరు వచ్చే ఏడాది రిటైరయ్యేవాళ్ళు. ఇంకా బాధేమిటంటే, కష్టపడి నేర్చుకున్న ఇద్దరు ముగ్గురికి కొద్ది రోజుల్లోనే వేరే జిల్లాకు బదిలీ అయింది. బదిలీలు మన చేతిలో లేవు, కానీ ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పాఠం మళ్ళీ ఒకటో పేజీ నుంచే చెప్పాలి.

వరద, మన వాలంటీర్లు

2024 జూలై 18 రాత్రి అశ్వారావుపేట మండలంలో పెదవాగు కట్ట తెగిన సంగతి మీకు గుర్తుంది. ప్రాజెక్టు తెలంగాణలో, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రలో, మునిగింది రెండు వైపులా. ఎవరి క్యాంపుకి ఎవరు రావాలి, ఎవరి లిస్టులో ఎవరు ఎక్కాలి అనే గందరగోళం కళ్ళారా చూశాం, శిబిరానికి రెండు రాష్ట్రాల వాళ్ళనీ పిలవాలన్న ఆలోచన అక్కడిదే. ఆ వెంటనే గోదావరి భద్రాచలం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక దాటింది. ఆ వారమంతా బియ్యం, టార్పాలిన్లు మోసింది ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే. వాట్సాప్ గ్రూపులో మాత్రం "నేను సిద్ధం" అని బొటనవేళ్ళు బారులు తీరాయి. బొటనవేళ్ళతో బస్తాలు లేవవు. మనం ఉద్యోగులను జవాబుదారీతనం అడిగే సంఘం కాబట్టి ఈ మాట అనాల్సి వస్తోంది.

లెక్కలు

ఆడిటర్ సంతకంతో ఉన్న జమాఖర్చుల పట్టిక మీ చేతుల్లోనే ఉంది, విడిగా చదవను. పెద్ద ఖర్చులు భోజనాలు, ప్రింటింగ్, రవాణా. చందా బాకీలున్నవాళ్ళ లిస్టు కోశాధికారి దగ్గర ఉంది, గోడకు అంటించొద్దని ఆయన్ని నేనే ఆపాను, వచ్చే ఏడాది ఆపను.

ధన్యవాదాలు

హాలు అద్దె తీసుకోని ఫంక్షన్ హాల్ యజమానికి, రెండు రోజులూ టిఫిన్లు పెట్టిన మహిళా సంఘానికి, సొంత సెలవు పెట్టుకుని వచ్చి పాఠం చెప్పిన లీగల్ కమిటీ మేడంకి, ఫైలు ఎక్కడ ఆగుతుందో టేబుల్ టేబుల్‌కీ విప్పిచెప్పిన రిటైర్డ్ తహసీల్దారు గారికి, కోయ అనువాదం చేసిన అంగన్‌వాడీ టీచర్లకి, బుక్‌లెట్ అచ్చుతప్పులు దిద్దిన పాల్వంచ మాస్టారికి, ఆదివారం సెలవైనా షాపు తెరిచిన జిరాక్స్ తమ్ముడికి, తమ సిబ్బందిని మాటిచ్చినట్టే పంపిన అధికారులకి పేరుపేరునా కృతజ్ఞతలు. పంపుతామని చెప్పి పంపనివాళ్ళకి కూడా, ఈసారైనా పంపుతారనే ఆశతో.

వచ్చే ఏడాది

2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ–ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో మావోయిస్టుల మీద జరిగిన కర్రెగుట్టల ఆపరేషన్ తర్వాత "ఇక మీ ఊళ్ళకు వెళ్ళిపోవచ్చు" అనే మాట గొత్తికోయ గూడేల్లో అక్కడక్కడా వినబడుతోంది. వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్తారు, ఆపే హక్కు మనకు లేదు. కానీ తిరిగి వెళ్ళడం ఇష్టపూర్వకంగా, భద్రంగా, గౌరవంగా జరగాలని, అక్కడికి వెళ్ళడమో, దేశంలో ఇంకోచోట స్థిరపడడమో ఎంచుకునే వీలుండాలని ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాల్లో 28వ సూత్రం చెబుతుంది. ఈ ఒక్క సూత్రం మీద సగం రోజు పాఠం తయారు చేయాలి, లారీ ఎక్కించి పంపించేయడం తిరుగు ప్రయాణం కాదని ఉద్యోగులకు ముందే చెప్పాలి. డ్రాఫ్ట్ ఆగస్టులోపు రావాలి. రాసేవాళ్ళు ఇద్దరు కావాలి, ఒకరికి కోయ రావాలి.

వాన మొదలైంది కాబట్టి వరద డ్యూటీ లిస్టు ఈ సమావేశం అయ్యేలోపే రాసుకుంటాం, రిజిస్టరు ముందు వరసలో ఉంటుంది, ఫోన్ నంబరుతో పాటు సంతకం కూడా చేయాలి. సంయుక్త కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది. నామినేషన్లు భోజనాలకు ముందే ఇవ్వండి, తర్వాత ఎవరూ ఉండరు.

కార్యదర్శి