సభలో పాడేవారికి చట్టంలో చోటేదీ?

సంపాదకులకు,

2025లో ఆదాయపు పన్ను రిటర్నుల గడువును జులై 31 నుంచి సెప్టెంబరు 15కు పెంచారన్న వార్తను మీరు ఊరటగా ప్రచురించారు. అప్పటి నుంచీ రాద్దామనుకుంటూనే ఉన్నాను. కచేరీలతో బతికేవారికి కావలసింది నెలన్నర గడువు కాదు, చట్టంలో చోటు.

ఇరవై ఏళ్లకు పైగా ఒక చిన్న సంగీత సభకు కోశాధికారిగా ఉన్నాను. మా వేదిక మీద వాయించేవారిలో చాలామంది కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 2016 బడ్జెట్‌తో తెచ్చిన 44ఏడీఏ సెక్షన్ కింద రాబడిలో సగం ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల చిట్టా అడగరు. డాక్టర్లు, లాయర్లు, ఇంటీరియర్ డెకరేటర్లకు ఆ వీలుంది. సినిమా కళాకారులకూ ఉంది. అందులో నటులే కాదు, గాయకులు, నృత్య దర్శకులు, ఎడిటర్లు, దుస్తులు రూపొందించేవారు కూడా వస్తారు. మరి రంగస్థల నటుడు, హరికథకుడు, చిత్రకారుడు, మృదంగ విద్వాంసుడు? జాబితాలో వెతికి వెతికి కళ్లు కాయలు కాశాయి. సినిమాకు పాడిన గొంతుకు ఉన్న వెసులుబాటు సభలో పాడిన గొంతుకు ఎందుకు లేదు?

మొన్న ఒక మృదంగ విద్వాంసుడు సంచి నిండా చీటీలు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించారు. మూతలు మార్చి వార్లు బిగించిన పనివాడు క్యాలెండరు కాగితం వెనుక పెన్సిలుతో రాసిచ్చిన లెక్క అందులో ఉంది. సంతకం లేదు, తేదీ సగం చెరిగిపోయింది. దాన్ని ఏ అధికారి ఒప్పుకుంటాడు? ఆయన ఆదాయం పన్ను పరిధిలోకే రాదు. అయినా నిర్వాహకులు పారితోషికం ఇచ్చేటప్పుడే పది శాతం పన్ను (టీడీఎస్) కోశారు కాబట్టి, అది వెనక్కి రావాలంటే రిటర్ను వేయక తప్పదు. ఒక నిర్వాహకుడైతే కోసిన సొమ్ము జమే చేయలేదు. ఎవరి పేరున ఎంత పన్ను జమైందో చూపే 26ఏఎస్ ఫారంలో దాని ఊసే లేదు. 2025 ఏప్రిల్ నుంచి కోత పరిమితిని 30 వేల నుంచి 50 వేలకు పెంచారు, సంతోషం. అంతకుముందు పోయినదానికి ఆయన ఎవరి గడప తొక్కాలి?

సభల గతీ ఇంతే. విరాళమిచ్చినవారికి పన్ను రాయితీ దక్కేలా అదే చట్టంలో ఉన్న 80జీ సెక్షన్ కింద ప్రతి దాత నుంచి పాన్, ఆధార్ లాంటి గుర్తింపు నంబరు సేకరించి, మే 31లోగా దాతల వివరాలతో 10బీడీ ఫారం దాఖలు చేయాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు. ఐదువందలు చేతిలో పెట్టి కచేరీ వినడానికి కూర్చున్న పెద్దాయనను ఆధార్ కార్డు చూపమని అడగడానికి నాకు నోరు రాదు.

అసలు బాధ అది కాదు. సంస్థలకు పన్ను మినహాయింపు తెచ్చే ధార్మిక (చారిటబుల్) ప్రయోజనం అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో 2015లో యోగాను చేర్చారు. కళాత్మక విలువ ఉన్న వస్తువుల పరిరక్షణ అంతకుముందే ఉంది. మూగబోయిన వీణను అద్దాల పెట్టెలో దాచడాన్ని పేరు పెట్టి గుర్తించిన చట్టం, అదే వీణ మీద జరిగే కచేరీని పేరు పెట్టి గుర్తించలేదు. మేము సాధారణ ప్రజాప్రయోజనం అనే పద్దు కిందకు వస్తాం. టిక్కెట్ల అమ్మకాన్ని వ్యాపారంగా లెక్కగట్టి, అది మొత్తం రాబడిలో 20 శాతం దాటిందంటే ఆ ఏడాది మినహాయింపే పోతుంది.

జీఎస్టీలో 2017లోనే శాస్త్రీయ, జానపద కళాకారులను విడిగా గుర్తించారు. ప్రదర్శనకు లక్షన్నర మించని పారితోషికానికి మినహాయింపు ఇచ్చారు. అక్కడ కనిపించినవారు ఆదాయపు పన్ను దగ్గరికి వచ్చేసరికి ఎలా మాయమయ్యారు? కళాకారులకు శాలువాలు కప్పేందుకు వేదికలెక్కే అధికారులను ఈ మాట ఎన్నోసార్లు అడిగాను. పైవారికి రాయమంటారు. రాశాను, జవాబు లేదు.

కొత్త ఆదాయపు పన్ను బిల్లు 2025లో 31 మంది ఎంపీల సెలెక్ట్ కమిటీ ముందుకు వెళ్లి, అదే ఏడాది చట్టమైంది. మన ఎంపీల్లో ఒక్కరైనా ఈ విషయం పార్లమెంటులో ఎత్తాలి. ‘సినిమా కళాకారుడు’ అన్నచోట మొదటి మాట తీసేస్తే చాలు, మిగిలినవారందరికీ చోటు దొరుకుతుంది.

- ఒక సంగీత సభ కోశాధికారి