మాస్టారూ, ముందు అక్షరాలు లెక్కపెట్టు

ఒరేయ్ మాస్టారూ,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మా పిల్లలూ కులాసానా? "ఫోన్లో చెబితే ఎక్కదు, రాసి పంపు, తీరిగ్గా చదువుకుంటా" అన్నావుగా, అందుకే ఈ చాంతాడంత ఉత్తరం.

శతకాల్లో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చూడ్డానికి సాఫ్ట్‌వేర్ కొంటానంటావేంట్రా! ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కో. ఇదే పనికి 1986లో డొనాల్డ్ నూత్ అంతటి కంప్యూటర్ పండితుడు పేజీల కొద్దీ ప్రోగ్రాం రాస్తే, సమీక్ష రాసిన డగ్ మెకిల్‌రాయ్ యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఆరు కమాండ్లు వరసగా గుచ్చి, అయిపోయింది పొమ్మన్నాడు. మనకి ఇంగ్లీషు అక్షరాల్లోలా చిన్నబడి పెద్దబడి గోల లేదు కాబట్టి ఇంకా తేలిక. ఖాళీలూ కామాలూ ఉన్నచోట విడగొట్టి లైనుకో మాట పెట్టు, సార్ట్ చెయ్యి (అంటే వరసక్రమంలో పెట్టించు), యూనిక్ అనే కమాండ్‌తో లెక్కపెట్టించు, వచ్చిన అంకెల్ని బట్టి మళ్ళీ సార్ట్ చెయ్యి. యూనిక్ పక్కపక్కన ఉన్నవాటినే కలుపుతుంది, మొదటి సార్ట్ అందుకే.

వికీసోర్స్ నుంచి వేమన పద్యాలు దింపుకుని ఆడించి చూడు. జాబితాలో పైన కూర్చునేది ఎవరో నీకు చెప్పాలా? విశ్వదాభిరామ, వినురవేమ! మాటలుగా విడగొట్టకముందే, లైన్లు వెతికిపెట్టే గ్రెప్ కమాండ్‌తో 'వినుర' ఉన్న లైన్లు తీసెయ్యి, అప్పుడు అసలు సరుకు బయటికొస్తుంది. 'వినురవేమ' అని పూర్తిగా వెతక్కు, 'వినుర వేమ' అని విడదీసి రాసినవి తప్పించుకుంటాయి. ఇంట్లో, ఇంటికి, ఇల్లు వేరువేరు మాటలుగా వస్తాయి, దాన్ని ఇప్పటికి వదిలెయ్.

ఇంకాస్త ముందుకెళ్ళి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పట్టుకుంటే మన లిపి తమాషాలు మొదలవుతాయి. 'స్త్రీ' పొడవెంత అని అడుగు, 6 అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫైల్లో చూస్తే 18 బైట్లు. నీ దగ్గర చదివే పిల్లాడినడిగితే ఒకటే అక్షరం అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు, నీకు కావలసిందేదో నువ్వే తేల్చుకోవాలి. దీనికంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది. పైథాన్‌తో వచ్చే 'రీ' మాడ్యూల్‌ని మాటలు ఏరమంటే గుణింతపు గుర్తుల్ని అక్షరాల్లో కలపదు. 'వేమన' ఇస్తే ఏత్వం దగ్గర తెగ్గొట్టి 'వ' ఒకటి, 'మన' ఒకటి చేతిలో పెడుతుంది. చూడ్డానికి 'మన' మంచి మాటే కాబట్టి అనుమానం కూడా రాదు! విడిగా దొరికే 'రెజెక్స్' మాడ్యూల్ వేసుకో, ఈ బాధ ఉండదు. ఇక 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్యలో కంటికి కనపడని గుర్తొకటి దాక్కుంటుంది. అది ఉన్న మాటా లేని మాటా జాబితాలో రెండుసార్లు కనిపిస్తే జుట్టు పీక్కోకు.

నీకు నచ్చేది మాత్రం గురులఘువులు గుర్తించే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం. దీర్ఘమో, ఐత్వమో, ఔత్వమో, సున్నో, విసర్గో, పొల్లో ఉంటే గురువు. తర్వాతిది సంయుక్తాక్షరమైతే ముందుది గురువు. మిగతావన్నీ లఘువులు. ఇంతేగా నువ్వు బోర్డు మీద చెప్పేది? అదే పైథాన్‌లో రాస్తే ఒక పేజీ కూడా రాదు. మకుటమే ఇచ్చి చూడు: శ్వ ముందున్న 'వి' గురువు, 'శ్వ' లఘువు, గురువు తర్వాత లఘువు కాబట్టి ఒక గలం. దాభి, రామ, మరో రెండు గలాలు. వినుర మూడూ లఘువులే, నగణం. వేమ మళ్ళీ గలం. గలమూ నగణమూ సూర్యగణాలు కాబట్టి అయిదూ సూర్యగణాలే, ఆటవెలది నాలుగో పాదం అచ్చంగా సరిపోయింది. కుదరని పాదాల్ని మాత్రం పక్కకి తీసి చూపించమను. అచ్చుతప్పులు చాలావరకు అక్కడే దొరుకుతాయి. అయితే మాట చివరి అక్షరం తర్వాత కొత్త మాట సంయుక్తంతో మొదలైతే అది సమాసమా కాదా అనేది స్క్రిప్టుకేం తెలుసు? ఆ తీర్పు నీదే. అందుకే దాంతో దిద్దించకు, వేలు పెట్టి చూపించడం వరకే దాని పని.

అన్నట్టు, నువ్వు డీటీపీ సెంటర్లో కొట్టించిన ఫైలు అను ఫాంట్‌లో ఉందన్నావు. దాన్ని అలాగే ఆడిస్తే స్క్రిప్టుకి కనిపించేది పిచ్చి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ తప్ప తెలుగు కాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చు. మార్చేటప్పుడు వొత్తులు అటూ ఇటూ అవుతుంటాయి కాబట్టి మొత్తం ఒకేసారి వద్దు, ఓ పది పద్యాలు మార్చి, అచ్చు పుస్తకంలో ఆ పేజీల ఫోటోలతో సహా పంపించు. ఆదివారం కూర్చుని పోల్చి చూస్తాను.