అద్దం ముందు నిలబడితే షోకు అని తిట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. ముక్కు పక్కన మచ్చ ఉందని రోజూ గంటసేపు అద్దం దగ్గరే ఉండేవాడు, మేము ఎంత దగ్గర నుంచి చూసినా ఏమీ కనపడేది కాదు. షోకు ఎక్కువైందని నేనే తిట్టాను. తర్వాత మాస్క్ లేకుండా బయటికి రావడం మానేశాడు, దేవరకొండలో మావాళ్ల పెళ్లికి పోతే ఒక్క ఫొటోలో నిలబడలేదు. మెడికల్ షాపులో చీటీ అడగకుండా ఇచ్చిన క్రీమ్ రాసీ రాసీ చర్మం నిజంగానే ఎర్రబడింది. స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చారు, మరి తనిఖీలు ఎవరు చేస్తున్నారు?

చివరికి మానసిక వైద్యుడు దీన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారని, వేరేవాళ్లకు కనపడని లోపం తమకు మాత్రం పెద్దగా కనపడే జబ్బని చెప్పారు. వందలో ఇద్దరికి దాకా ఉంటుందట, ఎక్కువగా ఈ వయసులోనే మొదలవుతుందట.

మనం ఎవరి ముఖమైనా కళ్లు, ముక్కు, నోరు కలిపి ఒక్కసారే చూస్తాం, ఈ జబ్బు ఉన్నవాళ్ల చూపు మాత్రం ఆ ఒక్క చోటే ఆగిపోతుంది. 2007లో లాస్ ఏంజెలిస్‌లో డాక్టర్ ఫ్యూస్నర్ బృందం వీళ్లకు వేరేవాళ్ల ముఖాల ఫొటోలు చూపించి మెదడు స్కాన్ చేస్తే, వివరాలు తీసేసి మసకగా చేసిన ఫొటోలకు కూడా, చిన్న చిన్న వివరాలను పట్టుకునే ఎడమవైపు మెదడే ఎక్కువగా పనిచేసిందట. అది చదివాక "ఏం లేదురా, బాగానే ఉన్నావు" అని వందసార్లు చెప్పినా వాడికి ఎందుకు ఎక్కలేదో నాకు అర్థమైంది.

ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టిన పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం చూస్తూ పెరిగినోళ్లం మనం. ఆ గార అందరికీ కనపడేది, మా వాడి మచ్చ వాడికొక్కడికే కనపడుతుంది, కానీ బాధ మాత్రం తక్కువ కాదు. చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా ఈ జబ్బులో ఎక్కువని డాక్టర్ చెప్పినప్పుడు నా కాళ్లు వణికాయి.

దీనికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. అద్దానికి కాస్త దూరంగా నిలబడి ముఖం మొత్తాన్ని చూడటం మా వాడికి ఇప్పుడు నేర్పిస్తున్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి కదా, అక్కడి మానసిక వైద్యులు ఏడాదికి ఒక్కసారైనా జూనియర్ కాలేజీలకు వచ్చి లెక్చరర్లకు ఈ జబ్బు గురించి చెప్పేలా అధికారులు చూడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద, హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఒక తల్లి, నల్లగొండ