చెంబు మీద లీటరు గీత

సంపాదకులకు నమస్కారం.

నేను విజయనగరం జిల్లాలో ముప్పై నాలుగేళ్లు ఏఎన్ఎంగా పనిచేసి 2019లో రిటైరయ్యాను. మా ఊళ్లలో ఏఎన్ఎం అని ఎవరూ పిలవరు, నర్సమ్మ అంటారు. ఈ ఉత్తరం రాయడానికి కారణం నా మనవరాలు, విరేచనాలప్పుడు పోయిన నీరూ ఉప్పూ తిరిగి ఒంటికి చేర్చే ఓఆర్ఎస్ ద్రావణం.

2025 మే నెలలో ఒక రాత్రి పదకొండింటికి హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. పాపకు అప్పటికి పదహారు నెలలు. "అమ్మా, నిన్నటి నుంచి వాంతులు, నీళ్ల విరేచనాలు. డాక్టరుకు చూపించాం. ఓఆర్ఎస్ తాగిస్తూనే ఉన్నాం, అయినా ఇంకా ఎక్కువైంది" అంది. ఎంత తాగించావని అడిగాను. "నాలుగు డబ్బాలు అయిపోయాయి" అంది. డబ్బాలేమిటో నాకు అర్థం కాలేదు. వీడియో కాల్‌లో పాపను చూపించమన్నాను. కళ్లు లోతుకు పోయాయి. ఏడుస్తోంది గాని కంట్లో నీరు లేదు. పొట్ట మీద చర్మం గిల్లి వదలమన్నాను. గిల్లిన మడత వెంటనే సర్దుకోలేదు. సాయంత్రం నుంచి డైపర్ తడవలేదట. ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. ఆ రాత్రి సెలైన్ పెట్టారు. మర్నాడు నేను రైలెక్కి, మూడోరోజు పొద్దున చేరేసరికి పాప లేచి కూర్చుని ఉంది. అంతవరకూ నాకు పట్టుకున్న టెన్షన్ ఇక్కడ రాయలేను.

ఇంటికొచ్చాక వంటింట్లో ఆ ఖాళీ డబ్బాలు చూశాను. స్ట్రా గుచ్చుకుని తాగే అట్ట డబ్బాలు. మీద పండు బొమ్మ, పేరులో పెద్ద అక్షరాలతో ఓఆర్ఎస్. మా అల్లుడు పక్కన నిలబడి, "అత్తయ్యా, డాక్టరుగారు చీటీ మీద ఓఆర్ఎస్ అనే రాశారు. మెడికల్ షాపులో అడిగితే ఇదే ఇచ్చారు" అన్నాడు. తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. అతని తప్పేముంది? కళ్లజోడు పెట్టుకుని వెనకవైపు చదివాను. 200 మిల్లీలీటర్ల డబ్బాలో చక్కెర ఇరవై గ్రాములకు పైనే ఉంది. లీటరుకు లెక్కేస్తే వంద గ్రాములు దాటుతుంది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్ఎస్ కాదని కూడా ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంది. బిడ్డ చేతుల్లో వేలాడిపోతుంటే ఏ తల్లి ఆ అక్షరాలు వెతుక్కుంటుంది?

అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. మొత్తం ఇరవైన్నర గ్రాముల పొడి. ఈ కొలత ఊరికే పెట్టింది కాదు. విరేచనాలప్పుడు పేగు ఉప్పును విడిగా సరిగా పీల్చుకోలేదు. గ్లూకోజు తోడు వస్తే ఉప్పును లోపలికి తీసుకుంటుంది, ఉప్పు వెంట నీరు వెళుతుంది. తోడు కోసమే ఆ కాస్త గ్లూకోజు. అది మోతాదు మించితే కథ అడ్డం తిరుగుతుంది. మాగాయకు ముక్కల మీద ఉప్పు వేసి ఉంచితే ముక్కలోని నీరంతా ఊటగా దిగిపోతుంది కదా, పేగులో చక్కెర ఎక్కువైనా అంతే. ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మా పాపకు జరిగింది ఇదే. ప్రతి డబ్బాకూ నీళ్లు ఇంకా పోయాయి, నీళ్లు పోయాయని ఇంకో డబ్బా తాగించారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1987 వానల్లో, నేలబావిలోకి వరద నీరు దిగి ఒక ఊరంతా వాంతులు విరేచనాలతో పడిపోయింది. నేను వెళ్లేసరికి ఒక తల్లి ఎనిమిది నెలల బాబును ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. మాడు పల్లం పడిపోయింది. "నీళ్లిస్తే నీళ్లే పోతన్నాయి నర్సమ్మా, అందుకే నిన్న పొద్దుటి నుంచి ఏమీ పెట్టలేదు" అంది. పాలు కూడా ఇవ్వలేదు. లంఖణం పరమౌషధం అన్న మాట మన ఇళ్లలో ఎంత బలంగా నాటుకుపోయిందో ఆ రోజు తెలిసింది. పెద్దవాళ్లకు అజీర్ణం చేస్తే ఆ మాట పనికొస్తుందేమో, విరేచనాల పిల్లలకు మాత్రం ప్రాణాంతకం. పెద్దాసుపత్రికని బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. బస్సు వచ్చేలోగా బాబు పోయాడు. ఆ తల్లి నన్నొక్క మాట అనలేదు.

అప్పటి నుంచి నాకొక అలవాటైంది. సంచిలో లీటరు కొలత సీసా ఒకటి, మేకు ఒకటి పెట్టుకునేదాన్ని. పసిపిల్లలున్న ఇంటికి వెళ్తే ముందు చెంబు అడిగేదాన్ని. కొలత సీసాతో లీటరు నీళ్లు పోసి, నీరు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ మేకుతో గీత గీసేదాన్ని. "ఈ గీతదాకా కాచి చల్లార్చిన నీళ్లు పొయ్యి. ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలుపు. రేపు ఈ వేళకి మిగిలినది పారబోసి కొత్తది కలుపు." ఇంతే నా పాఠం. ఎందుకంటే ప్యాకెట్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. చిక్కగా ఉంటే బలమని గ్లాసు నీళ్లలో ప్యాకెట్ అంతా కలిపేసేవాళ్లు, అలా చేస్తే ఒంట్లో ఉప్పు పెరిగిపోయి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. పొదుపు చేద్దామని పూటకో చెంచా పొడి తీసి కలిపేవాళ్లూ ఉండేవాళ్లు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు, "మా పుట్టింటి చెంబు మీద కూడా గీత ఉందమ్మా" అంటే ఎంత సంతోషంగా ఉండేదో.

ఈ ద్రావణం వెనక ఉన్నాయన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2023లో డాక్టర్ దిలీప్ మహలనబిస్‌కు, ఆయన పోయాక, పద్మవిభూషణ్ ప్రకటించినప్పుడు పేపర్లో చదివాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి లక్షల మంది కాందిశీకులు వస్తే, పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ అయిపోతోంది. ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన పొడిని పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్లలో కలిపి, రోగుల తల్లులకూ అక్కచెల్లెళ్లకూ గ్లాసులిచ్చి తాగించమన్నారాయన. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. నేనన్నేళ్లు చెంబుల్లో కలిపించింది ఆ మందేనని చదివి, ఆ పేపరు ముక్క దాచుకున్నాను.

ఇంత ఉన్నా, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఐదేళ్లలోపు పిల్లలు ఏటా దాదాపు 4.4 లక్షల మంది ఇంకా విరేచనాలతోనే పోతున్నారు. 2024 అక్టోబరులో మా జిల్లాలోనే గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగునీటి పైపుల సంగతి, కాలువల సంగతి వేరే ఉత్తరం రాయాల్సినంత ఉంది. పిల్లలకు విరేచనాలు తెప్పించే రోటా వైరస్‌కు వేసే టీకా చుక్కలు మేలు చేశాయి. 2016లో దేశంలో ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆరో వారం పిల్లలకు నా చేత్తో వేశాను. అయితే అన్ని విరేచనాలూ రోటా వల్ల రావు. ఏ క్రిమి వల్ల వచ్చినా ముందు పోయేది నీరూ ఉప్పూనే.

హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ డబ్బాల మీద దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. కోర్టుకు వెళ్లారు. చివరికి 2025 అక్టోబరు 14న కేంద్ర ఆహార భద్రత ప్రాధికార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా లేని ఏ పానీయం పేరులోనూ ఓఆర్ఎస్ అని వాడకూడదని ఆదేశం ఇచ్చింది. అంతకుముందు 2022లో, 2024లో తానే ఇచ్చిన సడలింపులను వెనక్కి తీసుకుంది. ఆ వార్త విన్నరోజు మా అమ్మాయి ఫోన్‌లో ఏడ్చింది. ఆ డాక్టరమ్మకు ఈ ఉత్తరం ద్వారా ఒక అమ్మమ్మ చేతులెత్తి నమస్కరిస్తోందని రాయండి.

పేరైతే పోయింది, అలవాటు పోలేదు. మొన్న మా ఊళ్లో ఒక మెడికల్ షాపుకెళ్లి, "చంటిదానికి విరేచనాలు బాబూ, ఓఆర్ఎస్ ఇవ్వు" అని అడిగి చూశాను. ఆ కుర్రాడు ఫ్రిజ్ తెరిచి ఒక తీపి పానీయం తీశాడు. ఓఆర్ఎస్ అని లేదు, బొమ్మ మాత్రం పండుదే. "పొడి ప్యాకెట్ లేదా?" అంటే, "ఉందమ్మా, రుచి ఉండదని పిల్లలు తాగరు" అన్నాడు. లోపల సొరుగులోంచి వెతికి తెచ్చాడు. డబ్బా ధరలో సగం కూడా లేదు. కలిపే పద్ధతి ఇంగ్లీషులో, హిందీలో రాసుంది. తెలుగులో ఒక్క అక్షరం లేదు.

అందుకే ప్రభుత్వాలను కోరుతున్నాను. మన రెండు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి ఓఆర్ఎస్ ప్యాకెట్ మీదా "లీటరు నీళ్లలో ప్యాకెట్ మొత్తం కలపాలి, 24 గంటల్లో వాడాలి" అని పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ వస్తున్నాయి, వాటి మీద ఆ కొలతే అంత పెద్దగా ఉండాలి. పల్లెల్లో వానాకాలం ముందు ఆశ కార్యకర్తలు ఇంటింటికీ ప్యాకెట్లు ఇస్తారు. మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంట్‌కు మూడేళ్లలో ఒక్కరూ రాలేదట. టీకాల కార్డు ఇచ్చే రోజే, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా, రెండు ప్యాకెట్లు, జింక్ మాత్రలు తల్లి చేతిలో పెడితే ఎంత ఖర్చవుతుంది? జింక్ విరేచనాలు ఆగాక కూడా మొత్తం 14 రోజులు వెయ్యాలని చెప్పేవాళ్లు లేక మూడోరోజుకే మానేస్తున్నారు. మెడికల్ షాపు సోదరులను అడుగుతున్నాను: విరేచనాలకు అని అడిగితే పొడి ప్యాకెట్టే ఇవ్వండి, అది సొరుగులో కాకుండా కౌంటర్ మీద పెట్టండి.

సంపాదకులుగారూ, మీకూ ఒక మనవి. వానలు మొదలయ్యే ముందు ఒక్క ఆదివారం, కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకునేలా, పెద్ద అక్షరాల్లో ఇది వేయండి: రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ కలిపిన ఓఆర్ఎస్ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుంచి 200, చెంచాతో మెల్లగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు, గంజి, పెరుగన్నం ఆపకూడదు. విరేచనంలో రక్తం పడినా, పిల్ల మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. పక్కన ఒక చెంబు బొమ్మ వేసి, లీటరు దగ్గర గీత గీయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
విజయనగరం జిల్లా