గ్రామీణ పీజీ వైద్య శిక్షణ నిధులపై ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పల్లె ఆస్పత్రుల్లో ఫ్యామిలీ మెడిసిన్ (అన్ని వయసులవాళ్ల సాధారణ జబ్బులూ చూసే వైద్యం) పీజీ శిక్షణకు నిధులిస్తామన్నారు, సంతోషం. కానీ లెక్క మొదటి బ్యాచ్ దగ్గరే ఆగకూడదు. 3 ఏళ్ల కోర్సులో ఏటా 4 సీట్లంటే స్టైపెండ్లు తొలి ఏడాది 4, రెండో ఏడాది 8, మూడో ఏడాది 12. గ్రాంటు మధ్యలో ఆగితే చేరినవాళ్లు ఎటూ కాకుండా పోతారు.

అసలు ఖర్చు వాళ్లు రాకముందే మొదలవుతుంది: అనుమతులు, బోధకుల నియామకం, క్వార్టర్లు. (కొత్త భవనం తర్వాతైనా కట్టుకోవచ్చు.) పాఠం చెప్పే డాక్టరుకు ఓపీ తగ్గించాలి. లేదంటే శిక్షణ పేరుకే, పీజీలు చవగ్గా దొరికే డ్యూటీ డాక్టర్లవుతారు.

ఇంకొకటి. ఉన్న ఒక్క మత్తు డాక్టరూ బదిలీ అయితే సిజేరియన్లు ఆగుతాయి, కేసులు పెద్దాసుపత్రికి పోతాయి, పీజీలు చేసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్‌లో ప్రసవాల పేజీ ఖాళీ. రెండో మత్తు డాక్టరు జీతం కూడా ఈ నిధుల్లోనే చూపించండి.